సూదియు దారమును

ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలపు అడవులు ఆరంభమగు సరిహద్దున ఇల్లందు పట్టణము కలదు. 2016వ సంవత్సరము నుండి ఇది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఇల్లందు అనగానే ఎవరికైనను నేలబొగ్గు జ్ఞప్తికి వచ్చును. 1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ పరిసరములందు బొగ్గును కనుగొనెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఇచట త్రవ్వకపు హక్కులను పొందెను. ఇల్లందునకు సమీపమున ఉన్న సింగరేణి అను చిన్న గ్రామము పేరే 1920లో ఆ గనుల సంస్థకు పేరై నేటికిని నిలిచియున్నది. నేల లోపలి సంపదను వెలికితీసిన ఊరిగా ఇల్లందు ప్రసిద్ధి కెక్కినది.

ఈ పట్టణము చుట్టును మరియొక సంపద కలదు. అది నేలలో లేదు. మనుష్యుల వ్రేళ్ళలో ఉన్నది. ఇల్లందు పరిసరములందు లంబాడీల తాండాలు అనేకము కలవు. ఆ తాండాలలోని వృద్ధస్త్రీలు ధరించు రవికెను గాని, పావడాను గాని, తలపై వేసికొను గుడ్డను గాని ఒక్కసారి నిదానించి చూచినచో ఈ సంపద కంటబడును. ఎరుపు, నీలము, పసుపు, ఆకుపచ్చ గుడ్డముక్కలు ఒకదాని ప్రక్క నొకటి కూర్పబడి యుండును. వాని నడుమ అద్దపు బిళ్ళలు తళతళలాడుచుండును. గవ్వలును, నాణెములును అంచుల వ్రేలాడుచుండును. వీనినన్నిటిని బట్టకు బంధించి నిలిపినది సన్నని దారము. ఆ దారమును నడిపినది ఒక చిన్న సూది.

లంబాడీలు పూర్వము స్థిరనివాసము లేక సంచరించిన వర్తకులు. వందలకొలది ఎద్దులపై ధాన్యమును, ఉప్పును మోయించుకొని దక్కను పీఠభూమి అంతటను తిరిగెడివారు. సైన్యములకు సైతము వారే ధాన్యము చేరవేసెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున బండిబాటలు పెరిగెను, రైలుమార్గములు వచ్చెను. ఎద్దు పది దినములలో మోయు బరువును రైలుబండి ఒక్క దినములో మోయసాగెను. ఇల్లందు బొగ్గును తీసికొనిపోవుటకు వచ్చినదియు రైలే. ఎద్దుల బిడారులను ఆపివేసినదియు రైలే. వృత్తి పోయిన ఆ ప్రజలు పశువులను మేపుకొనుచు, సేద్యము చేయుచు, కూలికి పోవుచు తాండాలలో నిలిచిపోయిరి. బిడారు నిలిచినను వారి స్త్రీల చేతిలోని సూది నిలువలేదు. ఎద్దులపై వేయు గుడ్డలను అలంకరించిన ఆ సూదియే తరువాత సంచులను, రవికెలను, పెండ్లికూతురు దుస్తులను అలంకరించెను.

లంబాడీల పనిలో అనేకవిధములైన కుట్లు కలవు. గొలుసుకుట్టు, సన్నకుట్టు మొదలగువానితో పాటు క్రాసుకుట్టు కూడ వానిలో నొకటి. పాఠశాలలలో బాలికలకు కుట్లు, అల్లికలు నేర్పిన కాలమున రుమాలు మూలలందును, దిండు గలీబులపైనను మొదట వేయించిన కుట్లలో ఇదియు నొకటి. గుణకారపు గుర్తువలె రెండు చిన్న గీతలు ఒకదానిపై నొకటి అడ్డముగా పడునట్లు వేయు కుట్టును క్రాసుకుట్టు అందురు. అందలి మెళకువ అంతయు ఇంతే. ఇట్టి చిన్న గుర్తులను వేలకొలది ప్రక్కప్రక్కన పేర్చినచో చిలుక ఏర్పడును, మామిడిపిందె ఏర్పడును, పూలతీగె ఏర్పడును. వర్ణమాలలోని ఏబదియారు అక్షరములతో ఎన్ని గ్రంథములైనను వ్రాయవచ్చునట్లు, ఈ ఒక్క కుట్టుతో ఎన్ని చిత్రములైనను కుట్టవచ్చును.

నేర్చుటకు ఇంత సులభమైన పని చేయుటకు మాత్రము అంత సులభము కాదు. దీనికి బలము అక్కరలేదు. గొప్ప తెలివియు అక్కరలేదు. కొన్ని మంచి అలవాట్లు కావలయును. అవి యున్నవారికి ఈ పని విశ్రాంతివలె ఉండును. అవి లేనివారికి చిక్కుపడిన దారమును, నొప్పిపెట్టు కన్నులును, సగములో విడిచిన గుడ్డయు మిగులును. ఆ అలవాట్లు ఎట్టివో తెలిసికొనుటకు ఒక బాలికను ఊహించుకొందము.

ఆమె ఇల్లందు దగ్గరి ఒక తాండాలో ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఆమె నాయనమ్మ ఒకప్పుడు తాండాలో పేరుపొందిన కుట్టుపనికత్తె. ఇప్పుడు ఆమెకు చూపు మందగించినది. సూది బెజ్జములో దారము ఎక్కించుట కూడ సాధ్యము కాదు. రానున్న తీజు పండుగకు నాయనమ్మకు ఒక చేతిసంచి కుట్టి ఈయవలెనని బాలిక సంకల్పించినది. గళ్ళకాగితముపై ఒక నమూనా గీచుకొన్నది. దాని వెడల్పు 84 గళ్ళు. ఎత్తు 56 గళ్ళు. నాలుగువైపులను పూలతీగె, నడుమ రెండు నెమళ్ళు.

పని మొదలుపెట్టుటకు ముందు ఆమె చేయవలసినది లెక్క. క్రాసుకుట్టునకు పడుగుపేకలు స్పష్టముగా కనబడు బట్ట కావలయును. అంగళ్ళలో దీనిని మ్యాటీ గుడ్డ అందురు. ఇందు గళ్ళు చదరముగా, సమముగా ఉండును. అంగుళమునకు 14 గళ్ళున్న గుడ్డ కొత్తవారికి అనుకూలము. 84ను 14చే భాగించినచో 6 వచ్చును. 56ను 14చే భాగించినచో 4 వచ్చును. అనగా చిత్రము 6 అంగుళముల వెడల్పును, 4 అంగుళముల ఎత్తును ఆక్రమించును. నలుదిక్కుల మూడేసి అంగుళములు విడువవలయును గనుక 12 అంగుళముల వెడల్పు, 10 అంగుళముల ఎత్తు గల గుడ్డ కావలెను. ఈ లెక్క వేయక కత్తెర పట్టినవారికి నెమలి తోక కుట్టుచోట గుడ్డ అయిపోవును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు అప్పుడు విచారించి ప్రయోజనము లేదు.

కాలమునకు కూడ ఇట్టి లెక్కయే కలదు. 84ను 56చే గుణించినచో 4704 గళ్ళు. వానిలో సగమే కుట్టుతో నిండినను 2352 కుట్లు. అభ్యాసము చేయుచున్న బాలిక గంటకు 100 కుట్లు వేయగలదనుకొన్నచో దాదాపు 24 గంటల పని. దినమునకు అరగంట చొప్పున కూర్చున్నచో ఏడు వారములలో సంచి ముగియును. పండుగకు రెండు దినముల ముందు మొదలుపెట్టి, రాత్రింబవళ్ళు కూర్చుండి ముగింతునను వారికి ఈ పని లొంగదు. దినమునకు కొంచెము చేయువారికే లొంగును. చదువును ఇట్టిదే గదా!

తరువాత దారము. ఈ పనికి వాడు మెరుగుదారపు లడిలో ఆరు పోగులు కలిసియుండును. 14 గళ్ళ గుడ్డపై ఒకేసారి రెండు పోగులు చాలును. లడినుండి పోగులను ఒక్కొక్కటిగా లాగి, తరువాత రెండింటిని కలుపవలెను. అన్నిటిని ఒక్కసారి చీల్చబోయినచో చిక్కుపడును. దారము ఒక మూరకు మించరాదు. మోచేతి నుండి నడిమి వ్రేలి కొన వరకు గల కొలతయే మూర. అది రమారమి 18 అంగుళములు. కొలబద్ద ఎల్లప్పుడు మన చేతిలోనే ఉన్నది. మాటిమాటికి సూదికి దారము ఎక్కించు శ్రమ తప్పునని సోమరులు రెండు మూరలు తీసికొందురు. పొడవైన దారము బట్టలో నుండి ఎక్కువసార్లు దూరుటవలన నూగు లేచి మెరుగు పోవును. మెలికలు పడి ముడులు ఏర్పడును. తప్పించుకొన్న శ్రమకంటె తెచ్చుకొన్న శ్రమ మిక్కుటమగును.

సూదికి కొన మొండిగా ఉండవలెను. వాడికొన గల సూది గుడ్డలోని పోగును చీల్చును. మొండికొన గల సూది పోగుల నడుమ నున్న రంధ్రమును వెదకికొని పోవును. 14 గళ్ళ గుడ్డకు 24వ సంఖ్య సూది తగినది. సూదిని నోట పెట్టుకొనుట, చాపలో గ్రుచ్చుట, రవికె అంచున గ్రుచ్చుకొని మరచుట మిక్కిలి ప్రమాదకరములు. పని మొదలిడునప్పుడు ఎన్ని సూదులు తీసితిమో, ముగియునప్పుడు అన్నియు డబ్బాలో చేరినవో లేదో లెక్కించుకొనవలెను. ఇంట ప్రాకు పిల్లలున్నచో ఈ లెక్క ఎన్నడును తప్పరాదు. సూదిని బట్టలోనే విడిచినను ప్రమాదమే. వానకాలపు చెమ్మకు సూది త్రుప్పుపట్టి, పోని మరకను మిగిల్చును.

ఇట్లు సామగ్రి సిద్ధమైన పిమ్మట బాలిక చేతులు సబ్బుతో కడుగుకొని, తడి లేకుండ తుడుచుకొన్నది. తలకు నూనె రాచుకొన్న చేతులతోను, చిరుతిండి తిన్న చేతులతోను తెల్లగుడ్డను ముట్టరాదు. గుడ్డ అంచుల పోగులు ఊడకుండ చుట్టును వదులుగా ఒక కుట్టు వేసినది. గుడ్డను నాలుగు మడతలు పెట్టి విప్పినది. మడతలు కలిసిన చోటు గుడ్డకు నడిమి బిందువు. కాగితముపై నమూనాకును నడిమి గడిని గుర్తించినది. నడుమనుండి మొదలిడినచో చిత్రము ఒకవైపునకు ఒరిగిపోవునను భయము లేదు. ఆపై లేతరంగు దారముతో పది పది గళ్ళకొక పొడవైన కుట్టు వేసి గుడ్డనంతను చదరములుగా విభజించినది. పొలమునకు గట్లెట్టివో ఈ పనికి ఆ గీతలట్టివి. తుదకు వానిని లాగివేయవచ్చును.

కుట్టు వేయుటలో నాలుగు నియమములు ముఖ్యములు.

మొదటిది: దారమునకు ముడి వేయరాదు. ముడి వేసినచోట ముందువైపు బొడిపె తేలును. ఉతికినప్పుడు ముడి ఊడిన కుట్లన్నియు సడలును. దీనికి బదులుగా రెండు మూరల పొడవు గల ఒకే పోగును తీసి, నడిమికి మడిచి, రెండు కొనలను సూదిలో ఎక్కించవలెను. మడిచిన చోట ఉచ్చు ఏర్పడును. మొదటి సగము కుట్టు వేసి, సూది వెనుకకు వచ్చినప్పుడు ఆ ఉచ్చులోనుండి దూర్చి లాగినచో దారము గట్టిగా నిలుచును. రెండు పోగులుగా మడిచినందున దాని పొడవు మరల మూరయే అగును. దారము ముగియునప్పుడు వెనుకవైపున నాలుగైదు కుట్ల క్రిందుగా దూర్చి కత్తిరించవలెను.

రెండవది: కుట్లన్నిటిలో పై గీత ఒకే వైపునకు వాలవలెను. ఒక వరుసలో ఎడమనుండి కుడికి సగము కుట్లు వేసికొని పోయి, కుడినుండి ఎడమకు తిరిగివచ్చుచు వానిని పూర్తిచేయుట సులభమైన పద్ధతి. ఒక కుట్టు ఇటు, ఒక కుట్టు అటు వాలినచో వెలుగు వానిపై సమముగా పడదు. గాలికి చెదరిన వరిమడివలె చిత్రము గజిబిజిగా కనబడును.

మూడవది: దారమును బిగించి లాగరాదు, వదులుగ విడువరాదు. రంధ్రము పెద్దదిగా తెరచుకొన్నచో బిగువు ఎక్కువైనదని గ్రహింపవలెను. ఏడెనిమిది కుట్లకొకసారి గుడ్డను తలక్రిందులు చేసి సూదిని వ్రేలాడ విడిచినచో దారములోని మెలికలు తమంతట తామే విడిపోవును.

నాలుగవది: వెనుకవైపు దారమును దూరము లాగికొని పోరాదు. ఒక పువ్వు ముగిసి మరియొక పువ్వు పది గళ్ళ దూరమున ఉన్నచో దారమును అచట ముగించి, ఇచట కొత్తగా మొదలిడవలెను. లేనిచో లేతగుడ్డలోనుండి నల్లదారము నీడవలె కనబడును. సంచిలో చేయి పెట్టినప్పుడు వ్రేలికి తగులుకొని తెగును.

ఊహించిన ఆ బాలిక ఈ నియమములన్నిటిని పాటించినది. ఐనను ఒక తప్పు జరిగినది. అంచు తీగెలో ఒక్కొక్క పువ్వునకు 12 గళ్ళ చొప్పున ఏడు పువ్వులు రావలెను. మూడవ పువ్వు తరువాత ఐదు గళ్ళు విడుచుటకు బదులుగా ఆరు విడిచినది. ఆనాడు ఇంటికి చుట్టాలు వచ్చిరి; మాటల సందడిలో ఆమె లెక్క సరిచూచుకొనలేదు. నాలుగు దినములు గడచెను. ఏడవ పువ్వు ముగియుచోట తీగె మూలను దాటి ఒక గడి అవతలికి పోయినది. మూడువందల కుట్లు తప్పుచోట పడినవి.

బాలిక ముఖము చిన్నబోయినది. ఒక గడియే గదా, మూలలో ఒక ఆకు చేర్చి కప్పిపుచ్చవచ్చునని తలచినది. నాయనమ్మకు ఎట్లును కనబడదు. ఆమె నట్టి యాలోచనలో ఉండగా నాయనమ్మ చేయి చాచి గుడ్డను అడిగి తీసికొన్నది, ముందువైపు చూడలేదు. గుడ్డను తిరుగవేసి, బొటనవ్రేలితో వెనుకవైపు కుట్లను మెల్లగా తడిమినది. పువ్వునకు పువ్వునకు నడిమి ఎడమును వ్రేలితో కొలుచుచు పోయి మూడవ పువ్వు దాటినచోట ఆగినది.

“బిడ్డా, ఇక్కడ నీ మనసు ఎక్కడికో పోయినది” అన్నది.

“ఒక్క గడియే నాయనమ్మా! మూలలో ఆకు వేసి సరిచేసెదను.”

“ఆ మూల సరియగును. రేపు ఈ తీగె క్రిందికి దిగి, తిరిగి పైకి వచ్చినప్పుడు మొదటి పువ్వుతో కలియునా? ఇప్పుడు విప్పవలసినవి మూడువందలు. రేపు విప్పవలసినవి ఎన్నియో నీవే లెక్క కట్టుము. చదువుకొన్నదానవు గదా.”

బాలిక మారు పలుకక చిన్న కత్తెర తీసికొన్నది. కుట్లను కత్తిరించి లాగినచో గుడ్డ చిరుగునని నాయనమ్మ హెచ్చరించినది. సూది మొండికొనతో వెనుకవైపునుండి ఒక్కొక్క కుట్టును ఎత్తి, కొంచెము కొంచెముగా కత్తిరించి తీయించినది. మూడువందల కుట్లు విప్పుటకు రెండు సాయంకాలములు పట్టెను. ఆనాటినుండి బాలిక పది గళ్ళు నిండినప్పుడెల్ల కాగితముపై ఆ గళ్ళను పెన్సిలుతో కొట్టివేసి, గుడ్డను సరిచూచుకొనినగాని ముందునకు సాగలేదు. లెక్కింపు సాగునప్పుడు ఎవరైన పలుకరించినచో సంఖ్యను కాగితముపై వ్రాసికొని పిమ్మటనే బదులు పలికెడిది. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పుటలోని అర్థము ఆమెకు వ్రేళ్ళకు తెలిసివచ్చినది.

కుట్టుపని నెరిగినవారు మొదట గుడ్డ వెనుకవైపునే ఏల చూతురు? ముందువైపును ఎవరైనను సింగారింపవచ్చును. వెనుకవైపు దాచలేనిది. అచట ముడులు, దూరపు లాగుడులు, తొందరపాట్లు అన్నియు వ్రాసినట్లు కనబడును. ముందువైపు మెరయుచు వెనుకవైపు చిక్కులతో నిండిన పని మేడిపండు వంటిది. ఎవరును చూడని చోట సైతము శుభ్రముగా పనిచేయుటయే మంచి అలవాట్లకు మూలము.

పనివాని దేహమును కూడ పనిముట్టే. దానిని కాపాడుకొనవలెను. ఒకప్పుడు గుడిసెలో కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుండి కన్నులను శ్రమపెట్టుకొన్న స్త్రీలెందరో కలరు. నేటివారికి ఆ బాధ అక్కరలేదు. పగటివేళ వసారాలో, కుడిచేతి వాటము వారికి ఎడమప్రక్కనుండియు, ఎడమచేతి వాటము వారికి కుడిప్రక్కనుండియు వెలుగు పడునట్లు కూర్చుండవలెను. అప్పుడు చేతినీడ కుట్టుపై పడదు. వీపునకు ఆసరా ఉండవలెను. గుడ్డను కంటికడకు ఎత్తుకొనవలెనే గాని మెడను గుడ్డపైకి వంచరాదు. ఇరువది నిమిషములకొకసారి సూది ఆపి, ఇరువది అడుగులకు మించిన దూరమున ఉన్న చెట్టునో, గుట్టనో కొంతసేపు చూడవలెను. వ్రేళ్ళను చాచి ముడుచుచుండవలెను. గుడ్డను బిగించు చెక్క రింగును పని ముగిసిన ప్రతిసారి తీసివేయవలెను. లేనిచో దాని ముద్ర గుడ్డపై నిలుచును.

తుదకు ఉతుకుట. ముఖ్యముగా ఎరుపురంగు దారమును నమ్మరాదు. మొదలిడుటకు ముందే ఒక చిన్న పోగును తడిపి, తెల్లని గుడ్డలో ఒత్తి చూడవలెను. రంగు అంటినచో ఆ దారమును మానవలెను. ముగిసిన పనిని చల్లని నీటిలో, తేలికపాటి సబ్బుతో, రుద్దక పిండక ముంచి తీయవలెను. తువాలుపై పరచి నీడను ఆరవేయవలెను. కుట్టినవైపు క్రిందికి వచ్చునట్లు మెత్తని తువాలుపై పెట్టి, వెనుకనుండి ఇస్త్రీ చేసినచో కుట్లు అణగిపోక ఉబ్బెత్తుగా నిలుచును.

ఇట్టి సూదిపని ఒక్క మనదేశముననే కలదనుకొనరాదు. లండను నగరములోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో జేను బోస్టాకు అను ఆమె 1598లో కుట్టిన గుడ్డయొకటి కలదు. అక్షరములును, జంతువులును, పువ్వులును వివిధములైన కుట్లతో అందు కూర్పబడినవి. తేదీ కుట్టబడిన బ్రిటిషు నమూనాగుడ్డలలో అదియే మిక్కిలి ప్రాచీనమైనది. పాలస్తీనా స్త్రీల దుస్తులపైని కుట్టుపనిని 2021లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముగా గుర్తించినది. మన పొరుగు రాష్ట్రమగు కర్ణాటకములోని సండూరునందు లంబాడీ స్త్రీలు ఒక సంస్థగా కూడి తమ కుట్టుపనిని జీవనోపాధిగా మలచుకొనిరి. 2023 జులై నెలలో హంపీయందు జరిగిన ఇరువది దేశముల కూటమి సమావేశ సందర్భమున ఆ సంస్థకు చెందిన 450 మందికి పైగా స్త్రీలు చేసిన 1755 వస్తువులు ప్రదర్శింపబడి గిన్నిసు గ్రంథమున కెక్కినవి. ఇల్లందు మొదలగు గనుల ప్రాంతములలోను సింగరేణి సేవాసమితి స్త్రీలకు కుట్టుపనిలో శిక్షణ నిచ్చుచున్నది.

సూదిపని స్త్రీలదే యను మాటయు సరికాదు. ఊరి దర్జీ పురుషుడే గదా! రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941లో, మేజరు అలెక్సిసు కాస్డాగ్లి అను బ్రిటిషు సైనికోద్యోగి జర్మనులకు బందీగా చిక్కెను. దీర్ఘమైన బందిఖానా దినములను గడుపుటకు ఆయన ఒక గుడ్డపై క్రాసుకుట్టు మొదలిడెను. పాతబడిన ఊలు చొక్కానుండి లాగిన దారమే ఆయనకు దొరకిన దారము. గుడ్డ అంచున చుక్కలును గీతలును అలంకారమువలె కుట్టెను. అవి తంతివార్తలలో వాడు మోర్సు సంకేతములు. వానిలో తన రాజునకు క్షేమమును కోరు వాక్యమును, హిట్లరును తిట్టు వాక్యమును దాగియుండెను. జర్మనులు దాని నెరుగక ఆ గుడ్డను తమ శిబిరములలో ప్రదర్శించిరి. చెరసాలలో సహితము ఒక మనుష్యుని మనస్సును నిలబెట్టగల శక్తి చిన్న సూదికి కలదనుటకు ఇది నిదర్శనము.

ఇల్లందు తాండాలలో నేడు పూర్వపు దుస్తులను నిత్యము ధరించువారు ఎక్కువగా వృద్ధస్త్రీలే. యువతులు పండుగలకును, పెండ్లిండ్లకును మాత్రమే ధరించుచున్నారు. కాలము మారినప్పుడు వేషము మారుట సహజము. దానికి ఎవరిని నిందింప పనిలేదు. కాని వేషముతో పాటు విద్య కూడ పోనక్కరలేదు. లంబాడీల భాషకు ప్రత్యేకమైన లిపి లేదు. ఏ కుట్టునకు ఏ పేరో, ఏ పువ్వు ఎన్ని పోగుల లెక్కయో అవ్వల నోటనే ఉన్నది. ఒక అవ్వ కన్ను మూసినచో కొన్ని కుట్ల పేర్లు ఆమెతోనే పోవచ్చును. చదువు నేర్చిన మనుమలును, మనుమరాండ్రును ఆమె ప్రక్క కూర్చుండి, ఆ పేర్లను తెలుగు లిపిలో వ్రాసికొని, ఆ నమూనాలను గళ్ళకాగితముపై గీచి ఉంచినచో అవి నిలుచును. బడిలో నేర్చిన అక్షరమునకు ఇంతకంటె మంచి వినియోగ మేమున్నది?

ఊహించిన బాలిక సంచి తీజు పండుగనాటికి ముగిసినది. ఏడు వారముల పని ఎనిమిది వారములు పట్టినది. తీగె నాలుగు మూలలు తిరిగి వచ్చి మొదటి పువ్వుతో సరిగా కలిసినది. నాయనమ్మ సంచిని చేతికి తీసికొని, వాడుక చొప్పున లోపలివైపు త్రిప్పి బొటనవ్రేలితో తడిమినది. ఈసారి వ్రేలు ఎచటను ఆగలేదు. ఆమె సంచిని యథాప్రకారము త్రిప్పి భుజమునకు తగిలించుకొన్నది. పిమ్మట తన పాత సూదుల డబ్బాను తెచ్చి మనుమరాలి ఒడిలో పెట్టినది.

ప్రశ్నలు

1. రైలుమార్గముల రాకవలన లంబాడీల జీవనమున ఎట్టి మార్పు కలిగెను?

2. 96 గళ్ళ వెడల్పు, 60 గళ్ళ ఎత్తు గల చిత్రమును అంగుళమునకు 12 గళ్ళున్న గుడ్డపై కుట్టుటకు నలుదిక్కుల మూడేసి అంగుళములు విడిచినచో ఎంత గుడ్డ కావలెను?

3. దారము మూరకు మించరాదనుటకు కారణమేమి? ముడి వేయక దారమును నిలుపు పద్ధతిని వివరింపుము.

4. నాయనమ్మ గుడ్డ వెనుకవైపును ఏల తడిమెను? మీ నిత్యజీవితమున “వెనుకవైపు” అనదగిన పనులను రెండింటిని పేర్కొనుము.

5. మీ ఇంటనో, ఇరుగుపొరుగుననో కుట్టుపని నెరిగిన పెద్దల నడిగి, వారెరిగిన కుట్ల పేర్లను సేకరించి వ్రాయుము.